అనంతపురం వంటింట్లో సూప్ మేకర్: అపోహలు – వాస్తవాలు

కరెంటుతో పనిచేసే సూప్ మేకర్ ఇప్పుడు అనంతపురం, ధర్మవరం, హిందూపురం ఇళ్లకు కూడా కొరియర్లో వచ్చేస్తోంది. కూజాలాంటి పాత్ర, దాని అడుగున వేడెక్కే పళ్లెం, మూతకు అమర్చిన బ్లేడు, పొంగునూ వేడినీ కనిపెట్టే సెన్సర్లు ఇందులో ఉంటాయి. కూరగాయ ముక్కలు, నీళ్లు, ఉప్పు వేసి మీట నొక్కితే అరగంటలోపే చిక్కటి సూప్ తయారవుతుంది. పళ్లు లేని పెద్దవాళ్ల కోసం కొందరు కొంటున్నారు. కూరగాయలు ముట్టని పిల్లల కోసం, షుగర్ తగ్గుతుందన్న ఆశతో కొనేవాళ్లూ ఉన్నారు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన కూడా గట్టిగా పడని సీమ మనది. ఎక్కువ ఇళ్లకు బోరు నీళ్లే ఆధారం. ఇలాంటి చోట ఈ పరికరం ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలుసుకున్నాకే డబ్బు పెట్టాలి.

అపోహ 1: ఉలవచారు, పప్పుచారు కూడా ఇందులోనే అయిపోతాయి.

వాస్తవం: టమాటా, క్యారెట్, గుమ్మడి, సొరకాయ వంటి మెత్తటి కూరగాయల కోసం చేసిన పరికరం ఇది. ఇందులో నీళ్లు మరిగే వేడిని మించి వేడి పుట్టదు. సముద్రమట్టానికి 330 మీటర్లకు పైన ఉన్న అనంతపురంలో అది దాదాపు 99 డిగ్రీలు. ప్రెషర్ కుక్కర్లో వేడి 120 డిగ్రీల దాకా వెళ్తుంది. రాత్రంతా నానబెట్టిన ఉలవలు కూడా కుక్కర్లో చాలా విజిల్స్ వస్తే గాని మెత్తబడవు. పాతిక నిమిషాల్లో అవి సూప్ మేకర్లో ఉడకవు. బ్లేడు సగం పచ్చి గింజనే నలుగగొడుతుంది. ఆ చారు గరగరలాడుతుంది, కడుపు ఉబ్బరం తెస్తుంది.

పైగా బోరు నీళ్లలో కందిబ్యాళ్లు తొందరగా ఉడకవని మన ఆడవాళ్లకు ఎప్పటినుంచో తెలుసు. నీటిలోని కాల్షియం గింజలోని పెక్టిన్‌ను పట్టుకుని గట్టిపరచడమే అందుకు కారణం. బ్యాళ్లను ముందు కుక్కర్లో ఉడికించి తర్వాత సూప్ మేకర్లో వేసుకోవచ్చు. తిరగవాతకు ఎలాగూ వేరే మూకుడు కావాలి. అలాంటప్పుడు పని తగ్గినట్టు కాదు, కడగాల్సిన గిన్నె ఒకటి పెరిగినట్టు.

అపోహ 2: రాగి జావకు, అంబలికి ఇది సరైన సాధనం.

వాస్తవం: పిండి నీళ్ల అడుగుకు దిగి వేడి పళ్లేనికి అంటుకుంటుంది. మాడు వాసన వస్తుంది, కొన్ని మోడళ్లు వేడి మితిమీరిందని మధ్యలోనే ఆగిపోతాయి. జావకు కలియబెట్టే చెయ్యి కావాలి, సంగటికి కట్టె కావాలి.

అంబలి బలం యంత్రంలో లేదు, రాత్రంతా పులియడంలో ఉంది. పిండి పులిసినప్పుడు ఇనుము, కాల్షియంలను ఒంటికి పట్టనివ్వని ఫైటేట్లు తగ్గుతాయి. రాగులను మొలకెత్తించి ఆరబెట్టి పిండి పట్టిస్తే, అదే చిక్కదనంలో పిల్లలకు ఎక్కువ పిండి తాగించవచ్చు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 మార్చిలో ప్రభుత్వ బడుల పిల్లలకు వారానికి మూడు రోజులు రాగి జావ ఇవ్వడం మొదలుపెట్టారు. రాగిపిండి, బెల్లం సాయం పుట్టపర్తిలోని శ్రీ సత్యసాయి సెంట్రల్ ట్రస్టు నుంచి వచ్చింది. ఆ జావ కాచింది మామూలు గిన్నెల్లోనే.

అపోహ 3: సూప్ మేకర్లో పోషకాలు ఏమీ పోవు.

వాస్తవం: సి విటమిన్ ఏ పాత్రలో కాచినా వేడికి కొంత పోతుంది. నీటిలోకి దిగిన మిగతా పోషకాలు, ఆ నీళ్లను పారబోయకుండా తాగుతున్నాం కాబట్టి మనకే దక్కుతాయి. మూత పెట్టి గిన్నెలో ఉడికించి ఆ నీళ్లతో సహా తాగినా అంతే దక్కుతాయి. ప్యాకెట్ సూపు మీద మాత్రం దీనికి స్పష్టమైన ఆధిక్యం ఉంది, ఉప్పు మన చేతిలో ఉంటుంది. రోజు మొత్తానికి 5 గ్రాముల ఉప్పు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బీపీ ఉన్న ఇంట్లో ఈ లాభం చిన్నది కాదు.

అపోహ 4: కరెంటు బిల్లు మోత మోగుతుంది.

వాస్తవం: 1000 వాట్ల పరికరం 25 నిమిషాలు ఆగకుండా పనిచేసినా 0.42 యూనిట్ ఖర్చవుతుంది. యూనిట్ 6 రూపాయలనుకుంటే రెండున్నర రూపాయలు. నెలంతా రోజూ వాడినా 13 యూనిట్లు దాటదు. దానికి పెద్ద ప్లగ్గు కూడా అక్కర్లేదు, మామూలు 6 ఆంపియర్ల సాకెట్ చాలు. ఎర్తింగ్ మాత్రం సరిగా ఉండి తీరాలి. మన ఊళ్లలో అసలు ఇబ్బంది కరెంటు కోత. మధ్యలో కరెంటు పోతే చాలా మోడళ్లు ఆగిన చోటు నుంచి కాక మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి.

అపోహ 5: ఏ నీళ్లయినా పోయొచ్చు, ఎలాగూ మరుగుతాయి కదా.

వాస్తవం: మన సీమవాళ్లు అన్నిటికన్నా ముందు వదులుకోవాల్సిన అపోహ ఇది. అనంతపురం పల్లెల్లో చాలాచోట్ల భూగర్భ జలంలో ఫ్లోరైడ్ ఎక్కువ. 1990ల మధ్యలో సత్యసాయి తాగునీటి పథకం వందల గ్రామాలకు నీళ్లు తేవడానికి ఆ ఫ్లోరైడ్ బాధ కూడా ఒక కారణం. మరిగిస్తే క్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలినదాంట్లో దాని పాలు పెరుగుతుంది. తాగడానికి పనికిరాని నీళ్లు సూపుకూ పనికిరావు. ఆర్వో నీళ్లో, పథకం నీళ్లో వాడండి.

చవుడు నీళ్లు పరికరాన్నీ పాడు చేస్తాయి. వేడి పళ్లెం మీద తెల్లటి సున్నపు పొర కడుతుంది. దానికి ముక్కలు అంటుకుంటాయి, సెన్సర్లు వేడిని సరిగా పట్టలేవు. నిమ్మరసమో వెనిగరో కలిపిన నీళ్లను అప్పుడప్పుడు అందులో కాచి పారబోస్తే ఆ పొర వదులుతుంది.

అపోహ 6: నీళ్లు ఆదా అవుతాయి.

వాస్తవం: మూత ఉంటుంది కాబట్టి ఆవిరి తక్కువే పోతుంది, కానీ కుక్కర్లోనూ అంతే. కడగడం దగ్గర లెక్క మారిపోతుంది. అడుగున కరెంటు భాగాలున్నందున చాలా మోడళ్లను నీళ్లలో ముంచకూడదు. సబ్బు నీళ్లు పోసి తిప్పి, మళ్లీ మళ్లీ మంచినీళ్లు పోసి తొలచాలి. వేసవిలో ట్యాంకరు కోసం ఎదురుచూసే ఇంటికి అది భారమే.

అపోహ 7: మిక్సీ ఉంటే చాలు, అదే పని చేస్తుంది.

వాస్తవం: మరుగుతున్న కూరగాయలను మూసిన మిక్సీ జారులో తిప్పితే ఆవిరి ఒత్తిడికి మూత ఎగిరి ఒళ్లు కాలుతుంది. పూర్తిగా చల్లారాకే వేయాలి. సూప్ మేకర్‌తో ఈ ప్రమాదం లేదు, అది దాని నిజమైన సుగుణం. అయితే గిన్నెలోనే పెట్టి తిప్పే హ్యాండ్ బ్లెండర్ చాలా తక్కువ ధరకు ఆ సౌకర్యం ఇస్తుంది.

అపోహ 8: రోజూ సూప్ తాగితే షుగర్, బరువు తగ్గుతాయి.

వాస్తవం: ఆలుగడ్డ, కార్న్‌ఫ్లోర్, క్రీము వేసిన సూపు ఏదీ తగ్గించదు. వడకట్టితే పీచు కూడా పోతుంది. వట్టి కూరగాయల సూపులో మాంసకృత్తులు చాలా తక్కువ. అదే 100 గ్రాముల ఉలవల్లోనైతే 22 గ్రాముల దాకా ఉంటాయి. భోజనం మానేసి సూపుతో సరిపెట్టుకునే పెద్దవాళ్లు నీరసపడటానికి ఈ మాంసకృత్తుల లోటు ఒక కారణం. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకూడదు, కూరగాయల్లోని పొటాషియం ఆ నీటిలోనే ఉండిపోతుంది.

మరి ఎవరు కొనాలి?

నమలలేని, మింగడం కష్టమైన మనిషి ఇంట్లో ఉండి రోజూ మెత్తటి ఆహారం చేయాల్సి వస్తే కొనండి. ఒంటరిగా ఉంటూ పొయ్యి దగ్గర నిలబడలేని పెద్దవాళ్లకు కొనివ్వండి. అలాంటి చోట ఆ డబ్బు వృథా కాదు. కొనేముందు స్టీలు పాత్రేనా, సర్వీసు దగ్గరలో దొరుకుతుందా, కోత తర్వాత ఎలా పనిచేస్తుందో అడగండి. ఈ పాత్రల్లో ఎక్కువ వాటికి లీటరు నుంచి లీటరున్నర పడుతుంది, అంటే నాలుగైదు గిన్నెల సూపు. ఆరేడుగురున్న ఇంటికి అది చాలదు.

మిగతావాళ్లకు మంచి కుక్కరు, హ్యాండ్ బ్లెండరు సరిపోతాయి. మిగిలిన డబ్బును రాగులకు, కొర్రలకు, ఉలవలకు పెట్టండి. శెనక్కాయ పంట ఎండిపోయే ఏడాదిలో కూడా ఇవి తక్కువ తడితో చేతికొస్తాయి. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ లాంటి సంస్థలు ఈ గింజలను మళ్లీ చేలకు తేవడానికి ఏళ్ల తరబడి పాటుపడుతున్నాయి. వండుకునేవాళ్లుంటేనే పండించే రైతు నిలబడతాడు. ఇంటి ఆరోగ్యానికి, ఊరి వ్యవసాయానికి ఒకే ఖర్చుతో మేలు చేసే అవకాశం మన సీమ వంటింటికి ఉంది. దాన్ని ముందు వాడుకుందాం.