నిలబెట్టిన లారీ ఎందుకు మొరాయిస్తుంది?

"తిరిగితే కదా బండి అరిగేది! మూడు నెలలు షెడ్డులో ఊరికే ఉన్న లారీ ఎందుకు స్టార్ట్ కాదు?" ఓ కుర్రాడి ప్రశ్న ఇది. న్యాయమైన ప్రశ్నే. నిజానికి చాలాసార్లు అందులో ఏదీ విరగదు, అరగదు. డీజిల్ ఉండాల్సిన చోట గాలి చేరుతుంది, అంతే.

సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగున చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. గాలిని నొక్కితే వేడెక్కుతుంది. డీజిల్ ఇంజను బతికేదే ఆ వేడి మీద. దీనికి పెట్రోలు బండిలా స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని సుమారు 17వ వంతుకు అణిచేస్తే వేడి 500 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు నాజిల్ డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్మగానే అదే అంటుకుంటుంది.

అయితే పిస్టన్ నెమ్మదిగా కదిలితే ఆ వేడి చల్లని ఇనుములోకి జారిపోతుంది. అందుకే ఇంజనును తిప్పే సెల్ఫు మోటారు చురుగ్గా తిరగాలి. లారీకి 12 వోల్టుల బ్యాటరీలు రెండు కలిపి 24 వోల్టులు. వాడకపోయినా అవి వాటంతటవే దిగిపోతుంటాయి. నిండా చార్జి ఉంటే ఒక్కొక్కటి 12.6 చూపిస్తుంది. 12కి వచ్చిందంటే దాదాపు ఖాళీ. అప్పుడూ లైటు వెలుగుతుంది, హారన్ మోగుతుంది. అది చూసి మోసపోకండి, సెల్ఫుకు కావాల్సిన కరెంటు వందల ఆంపియర్లు. చార్జి పెట్టించి, టెర్మినళ్ల మీద పేరుకున్న బూడిదలాంటి పొడిని వేడినీళ్లతో కడిగి బిగించాలి.

సెల్ఫు బాగా తిరుగుతున్నా స్టార్ట్ కాలేదా? సైలెన్సర్ గొట్టం వైపు చూడండి. తెల్లటి పొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది గానీ మండడం లేదు: వేడి చాలలేదు. పొగే లేదంటే డీజిల్ చేరనే లేదు. పాత బండ్లలో ఎక్కువగా ఈ రెండోదే. మెకానిక్కులు "ఎయిర్ పట్టింది" అనేది దీన్నే.

ట్యాంకు నుంచి డీజిల్‌ను లాగేది ఫీడ్ పంపు. ఆ దారిలో రబ్బరు పైపుకు వెంట్రుకవాసి పగులున్నా, రాగి వాషరు నలిగినా, గాలి లోపలికి వస్తుంది. ఇంజను తిరిగేటప్పుడు అది తెలియదు. బండి ఆగాక డీజిల్ మెల్లగా వెనక్కి ట్యాంకులోకి జారిపోతుంది. ఇలాంటి పాత బండ్లలో నాజిల్ తెరుచుకోవడానికి 200 బార్ల దరిదాపుల్లో ఒత్తిడి కావాలి. పైపులో గాలి ఉంటే, నాజిళ్లకు డీజిల్ పంపే పెద్ద పంపు ఎంత నెట్టినా గాలి నలుగుతుందే తప్ప ఆ ఒత్తిడి పుట్టదు.

కాబట్టి గాలిని బయటికి తీయాలి. డీజిల్ ఫిల్టరు మీది బ్లీడ్ స్క్రూ కాస్త వదులు చేసి, ఫీడ్ పంపు దగ్గరుండే చేతిపంపు కొట్టండి. మొదట నురగ, తర్వాత బుడగలు, చివరికి తేటగా డీజిల్. కొడుతూనే స్క్రూ బిగించాలి. పెద్ద పంపు మీది స్క్రూ దగ్గరా ఇలాగే. అప్పటికీ కాకపోతే, పాత బండ్లలో నాజిళ్ల దగ్గర పైపు నట్లు కొంచెం వదిలి, సెల్ఫు కొట్టించి, డీజిల్ కారగానే బిగిస్తారు. చెయ్యి దూరంగా ఉంచండి. ఆ ఒత్తిడి చర్మాన్ని చీల్చుకుపోతుంది. సెల్ఫును ఒక్కోసారి పది పదిహేను సెకన్లకు మించి తిప్పకుండా మధ్యమధ్య ఆపితే కాలిపోదు.

మర్నాటికి మళ్లీ ఎయిర్ పడితే? కారుతున్న చోటు కోసం నేల మీద వెతికి లాభం లేదు, లాగే వైపు పైపు డీజిల్‌ను కార్చకుండానే గాలిని పీల్చగలదు. క్యాన్‌లో శుభ్రమైన డీజిల్ పోసి, అందులోంచి నేరుగా ఫీడ్ పంపుకు కొత్త పైపు కలిపి చూడండి. రాత్రంతా ఉంచి, పొద్దున ఒక్క సెల్ఫుకే అందుకుంటే తప్పు ట్యాంకు లైనుదే. దాని కోసం పంపు విప్పించి వేలు తగలేయడం అనవసరం.

ఇక ట్రాక్టరు కట్టి లాగడం. బ్యాటరీ దిగితే అది పనిచేస్తుంది. ఎయిర్ పట్టిన బండిని ఊరు దాటించినా స్టార్ట్ కాదు. ముందు గాలి తీయండి, తర్వాతే తాడు వెతకండి.