పాత జిప్సీకి ఏ బుష్? గట్టిదే మన్నుతుందా?

మారుతి జిప్సీ ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య దూరం 2,375 మిల్లీమీటర్లు. వెనక ఎడమ కమాన్ కట్టను (లీఫ్ స్ప్రింగ్‌ను) చాసీకి కలిపే ముందువైపు బోల్టు చుట్టూ ఉండే తొడుగు, అంటే బుష్, అరిగి, 3 మిల్లీమీటర్ల వదులు వచ్చిందనుకుందాం. రెండు కమాన్ కట్టల మధ్య దూరం సుమారు 80 సెంటీమీటర్లని లెక్క వేస్తే, ఆ వదులుకి వెనక ఇరుసు డిగ్రీలో ఐదో వంతు పక్కకు తిరుగుతుంది. కంటికి ఆనేంత తేడా కాదు. కానీ స్టీరింగ్‌ను నిటారుగా పట్టుకుని ఏమీ సరిచేయకుండా పోతే, 100 మీటర్లు దాటేసరికి బండి ఏడెనిమిది మీటర్లు పక్కకు వెళ్ళిపోతుంది. జాతీయ రహదారి మీద ఒక వరస వెడల్పు 3.5 మీటర్లే.

అలా జరగకుండా ఆపేది డ్రైవరు చేతులు. తెలియకుండానే ఆయన స్టీరింగ్‌ను అటూ ఇటూ సరిచేస్తూ ఉంటాడు. యాక్సిలరేటర్ తొక్కితే ఆ వదులు ఒక వైపుకీ, బ్రేకు తొక్కితే ఇంకో వైపుకీ పోతుంది కాబట్టి సరిచేయడం కూడా రెండు దిక్కులా జరగాలి. రెండు గంటల ప్రయాణానికే భుజాలు పీకుతున్నాయంటే వయసు మీద నెట్టేయకండి, ముందు బండి కింద చూడండి. మనలో చాలామంది అలైన్‌మెంట్ చేయించి, టైర్లు మార్చి, స్టీరింగ్ బాక్సు విప్పించి, ఆఖరున బుష్ దగ్గరికి వస్తారు. వరస తిరగేస్తే ఎంతో డబ్బు మిగులుతుంది.

జిప్సీ 1985లో వచ్చింది. మామూలు కొనుగోలుదారులకు 2019లో అమ్మకం ఆగింది. అంటే మనకు దొరికే ప్రతి జిప్సీ పాతదే. ముందూ వెనకా నాలుగు కమాన్ కట్టలు. ఒక్కో కట్టకు కదిలే చోట్లు మూడు: ఒక చివర చాసీకి నేరుగా బోల్టు, రెండో చివర షాకిల్ అనే ఊగే లంకెకు కింద ఒకటి, పైన ఒకటి. నాలుగు మూళ్ళు పన్నెండు. షాక్ అబ్జార్బర్ల బుష్‌లు వేరే.

ఈ పన్నెండు చోట్ల ఎంత పని జరుగుతుందో చూడండి. ఇలాంటి బండి స్ప్రింగుల మీద సెకనుకు సుమారు ఒకటిన్నర సార్లు ఊగుతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో ఒక కిలోమీటరుకు 90 సెకన్లు పడుతుంది, అంటే 135 ఊపులు. గతుకుల దారిలో ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగితే పదమూడున్నర లక్షలు. అన్ని సార్లూ ప్రతి బుష్ ఎంతో కొంత మెలి తిరగాలి, మళ్ళీ యథాస్థానానికి రావాలి.

రబ్బరు బుష్ ఈ పని చేసే తీరు వేరు, పాలీయురేథేన్ బుష్ చేసే తీరు వేరు. ఎంపిక అంతా ఇక్కడే ఉంది. రబ్బరు జారదు. లోపలి అంచు బోల్టుతో, బయటి అంచు కమాన్ పట్టీ చివరి చుట్టతో కదలకుండా పట్టుకుని ఉంటుంది. మధ్యలో ఉన్న రబ్బరే మెలిపడి వెనక్కి వస్తుంది. దానికి గ్రీజు అక్కర్లేదు, చప్పుడు చేయదు. షెడ్డుల్లో ‘పాలీ బుష్’ అనే పాలీయురేథేన్ అలా మెలిపడదు. లోపలి ఇనుప గొట్టం చుట్టూ జారుతూ తిరుగుతుంది. గ్రీజు ఎండిపోతే కిర్రుమంటుంది, ఆ తరవాత అరిగిపోతుంది.

అమ్మేవాళ్ళు మనకు చూపించే అంకె మాత్రం గట్టిదనం. షోర్ ఏ అనే కొలమానంలో సస్పెన్షన్ రబ్బరు సాధారణంగా 50 నుంచి 70 మధ్య, పాలీ 70 నుంచి 95 మధ్య ఉంటాయి. 60కీ 80కీ తేడా మూడో వంతే కదా అనిపిస్తుంది. ఈ కొలమానం అలా పెరగదు. 60 నుంచి 80కి వెళితే పదార్థం బిగువు సుమారు రెండున్నర రెట్లవుతుంది, 90 దగ్గర ఐదు రెట్లు దాటుతుంది. అంత బిగువు తారు రోడ్డు మీద సుఖమే, స్టీరింగ్ చురుగ్గా ఉంటుంది. రాళ్ళ దారిలో కథ మారుతుంది.

ఒక చక్రం 15 సెంటీమీటర్ల రాయి ఎక్కిందనుకుందాం. జిప్సీ ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం సుమారు 1,300 మిల్లీమీటర్లు. ఇరుసు ఆరున్నర డిగ్రీలు వాలుతుంది. చాసీ కొంత వాలి సాయపడినా, మిగిలిన తేడాను కమాన్ పట్టీలు మెలిపడీ, బుష్‌లు ఓరగా నలిగీ సర్దుకోవాలి. రబ్బరు నలుగుతుంది. గట్టి పాలీ నలగనంటుంది. అప్పుడు ఆ బలం పోయేది మెయిన్ పట్టీ చుట్టలోకి, చాసీ బ్రాకెట్టులోకి. ఇరవై ఏళ్ళ తుప్పు తిన్న బ్రాకెట్టు కంటే బుష్ ముందు పోవడమే మనకు మేలు. బుష్ మార్చుకునే వస్తువు, చాసీ కాదు.

అందుకే నా మాట ఇది. చాసీకి నేరుగా బిగించే నాలుగు చోట్ల మంచి రబ్బరే వేయండి. షాకిల్ ఊగే కోణం పెద్దది, అదీ ఎక్కువగా ఒకే దిశలో. అక్కడ మెలిపడే దానికంటే జారేదానికి అర్థం ఉంది, కాబట్టి బురదలో, నీళ్ళలో తిరిగేవాళ్ళు షాకిళ్ళకు పాలీ వేసుకోవచ్చు. రోజూ ఊళ్ళోనే తిరిగే బండికి ఆ అవసరం కూడా లేదు, పన్నెండూ రబ్బరే చాలు.

పాలీ తీసుకుంటే రెండు సంగతులు అడగండి. పాలీయురేథేన్‌లో పాలియెస్టర్ రకం, పాలీఈథర్ రకం అని రెండున్నాయి. పాలియెస్టర్ రకం తేమకు లోపల్నుంచి విరుగుతూ వస్తుంది. విశాఖ, మచిలీపట్నం లాంటి తీరపు ఊళ్ళలో తిరిగే బండికి పాలీఈథరే సరి. అమ్మే మనిషికి ఏ రకమో తెలియకపోతే కొనకండి. రెండోది, లోపలి ఇనుప గొట్టం బుష్ కంటే వెంట్రుకవాసి పొడుగ్గా ఉండాలి. పొట్టిగా ఉంటే బోల్టు బిగింపు పాలీ మీదే పడి, అది తిరగలేక పట్టేస్తుంది. గ్రీజు సిలికాన్‌దే వాడాలి. మామూలు పెట్రోలియం గ్రీజు తగిలితే సహజ రబ్బరు ఉబ్బిపోతుంది కాబట్టి రబ్బరు బుష్ ఎక్కించేటప్పుడు సబ్బు నీళ్ళు చాలు.

రబ్బరుకు ఇంకో గండం ఉంది. బండి అమ్మకం ఆగిపోయాక దుకాణాల్లో ‘అసలు కంపెనీ సరుకు’ పేరుతో ఏళ్ళ తరబడి పడి ఉన్న పెట్టెలు అమ్ముతారు. నిల్వకు సంబంధించిన అంతర్జాతీయ ప్రమాణం సహజ రబ్బరుకు ఇచ్చే మొదటి గడువు 5 ఏళ్ళే, అదీ వేడి, వెలుతురు తగలని చోట ఉంచితే. రేకుల షెడ్డులో రామగుండం ఎండాకాలాలు నాలుగు చూసిన బుష్ పెట్టెలోంచి కొత్తగానే కనిపిస్తుంది. బొటనవేళ్ళతో వంచి చూడండి. సన్నని గీతలు విచ్చుకుంటే పక్కన పెట్టేయండి. జిప్సీ మూలం సుజుకి ఎస్‌జే బండ్లే కాబట్టి బయటి దేశాల్లో వాటికి చేసే బుష్‌లు కూడా తెప్పించుకుంటున్నారు. అలా తెప్పించే ముందు బయటి వ్యాసం, లోపలి రంధ్రం, పొడవు, ఈ మూడూ వెర్నియర్‌తో కొలిచి పెట్టుకోండి.

ఇక ఖర్చు. ఈ అంకెలు లెక్క చూపడానికి నేను వేసుకున్నవి, మీ ఊరి ధరలు మీరు వేసుకోండి. సెట్టు 1,000 రూపాయలు, కూలి 4,000, మన్నిక 12,000 కిలోమీటర్లు అయితే కిలోమీటరుకు సుమారు 42 పైసలు. సెట్టు 3,000, అదే కూలి, మన్నిక 40,000 అయితే పదిహేడున్నర పైసలు. కూలి బుష్ ధరను మించిపోయే పనిలో చౌక సరుకు ఎప్పటికీ చౌక కాదు. పాత బోల్టు బిగుసుకుపోయి గ్యాస్‌తో కోయాల్సి వస్తే కూలి ఇంకా పెరుగుతుంది. కొత్త బోల్టులు ముందే తెచ్చి పెట్టుకోవడం మంచిది.

ఇంత చూసి కొన్నదాన్ని బిగింపులో పాడు చేసుకోవచ్చు. నా బండికే అయింది. ఒక షెడ్డులో బండిని పైకి లేపి, చక్రాలు గాల్లో వేలాడుతుండగానే బోల్టులన్నీ పూర్తిగా బిగించేశారు. మంచి రబ్బరే, ఏడాది తిరక్కుండా చీలిపోయింది. కారణం లెక్కలోనే ఉంది. గాల్లో కమాన్ కట్ట 8 సెంటీమీటర్లు కిందికి జారి ఉందనుకోండి. అరకట్ట పొడవు అరమీటరు అనుకుంటే అది కనీసం 9 డిగ్రీల వాలు. ఆ స్థితిలో రబ్బరును బోల్టు పట్టేసింది. బండి నేల మీదకు దిగగానే, ఊరికే నిలబడి ఉన్నా బుష్ 9 డిగ్రీలు మెలిపడే ఉంటుంది. దారిలో అటు 5, ఇటు 5 డిగ్రీలు మెలిపడాల్సినది 4 నుంచి 14 దాకా మెలిపడుతుంది. రాత్రి ఇంటి ముందు ఆగి ఉన్నప్పుడు కూడా దానికి విశ్రాంతి లేదు.

ఈ ఒక్క పనికి షెడ్డులో దగ్గరుండండి. గాల్లో ఉన్నప్పుడు నట్టు చేత్తో తిప్పినంతే ఉండాలి. నాలుగు చక్రాలూ నేలకు ఆని, బండిని రెండు మూడు సార్లు ఊపి వదిలాకే ఆ పన్నెండు చోట్లా చివరి బిగింపు వేయించండి.