మీకు తెలుసా? తాగాలన్న తహతహ దానంతటదే తగ్గుతుంది

మందు మీదికో సిగరెట్ మీదికో మనసు లాగినప్పుడు, ఆ కోరిక తీర్చకపోతే పెరుగుతూనే పోతుందని చాలామంది భయపడతారు. నిజానికి అది అలలా లేచి, సాధారణంగా అరగంటలోపే తగ్గుముఖం పడుతుంది. అమెరికన్ మనస్తత్వవేత్త అలన్ మార్లట్ ‘అర్జ్ సర్ఫింగ్’ అనే సాధనను దీని మీదే నిలబెట్టారు. కోరికతో పెనుగులాడకూడదు, గమనించాలి. గొంతు ఎండుతోందా? దవడ బిగుసుకుంటోందా? ఛాతీలో బరువుగా ఉందా? నెమ్మదిగా ఊపిరి తీస్తూ చూస్తుంటే ఉధృతి సడలుతుంది. మొదట్లో కష్టమే, చేసేకొద్దీ పట్టుబడుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవకండి. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా మందు తాగేవారు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. డాక్టర్ పర్యవేక్షణలోనే మానాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.