ఒకే మాల్ట్ నీళ్లు, మూడు రకాల బీరు

పోయిన ఎపిసోడ్ విన్నాక షార్జా నుంచి ఒక తమ్ముడు వాయిస్ మెసేజ్ పెట్టాడు: "అన్నా, మా రూములో కూడా ఓ నాలుగు లీటర్లు ట్రై చెయ్యనా?"

వద్దు తమ్ముడూ. ఎపిసోడ్‌లో ఈ మాట గట్టిగా చెప్పకపోవడం నా తప్పే, అందుకే ముందు అదే రాస్తున్నా. యూఏఈలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. షార్జాలో అయితే మద్యమే పూర్తిగా నిషేధం. "2020లో చట్టం సడలించారు కదా" అంటారు కొందరు. ఆ సడలింపు తాగడం గురించి, కాయడం గురించి కాదు. కేసయిందంటే ఉద్యోగం, వీసా రెండూ పోయే ప్రమాదం ఉంది. పక్క మంచం మీద పడుకునే పాపానికి రూమ్మేట్లూ ఇరుక్కుంటారు.

నేను చేసింది సెలవుల్లో, డల్లాస్ దగ్గర మా బావ వాళ్లింట్లో. అమెరికాలో 1978లో చట్టం మార్చారు. ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లుంటే ఏడాదికి 200 గ్యాలన్ల దాకా సొంతానికి బీరు చేసుకోవచ్చు, అమ్మకూడదు.

12 లీటర్ల నీళ్లలో కిలోన్నర మాల్ట్ పొడి కలిపి, హాప్స్ వేసి గంటసేపు మరిగించి, చల్లార్చి మూడు జాడీల్లో పోశాం. అక్కడిదాకా మూడూ ఒకటే. మార్చింది ఈస్ట్ ఒక్కటే. ఒకదాంట్లో అమెరికన్ ఏల్ ఈస్ట్, రెండోదాంట్లో జర్మన్ గోధుమ బీరుకి వాడేది, మూడోదాంట్లో బెల్జియం వాళ్ల సైజాన్ ఈస్ట్. మొదటిది ఏ వింతా లేకుండా శుభ్రంగా వచ్చింది. రెండోదాని మూత తియ్యగానే అరటిపండు, లవంగం వాసన! మేం ఆ రెండూ వెయ్యనే లేదు. ఆ ఈస్ట్ చక్కెర తింటూ ఐసోఅమైల్ ఎసిటేట్ అనే పదార్థాన్ని వదులుతుంది. మాగిన అరటిపండులో ఉండేదీ అదే. మూడోదాంట్లో తీపి దాదాపు లేదు, మిరియాల ఘాటు వచ్చింది. బీరు రకం అంటే గింజలు, హాప్స్ తేడానే అని అప్పటిదాకా నా నమ్మకం.

చిన్న మొత్తంలో చేస్తే ఇదే లాభం. పోల్చి చూడొచ్చు, పాడైతే పారబోసేది నాలుగు లీటర్లే. మేమూ పారబోశాం లెండి. రెండోసారి ఏల్ జాడీని వేసవిలో గ్యారేజీలో వదిలేస్తే నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన కొట్టింది. ఎండాకాలం ఇడ్లీ పిండి పొద్దుటికే పులిసిపోయినట్టు, ఈస్ట్ కూడా వేడికి అదుపు తప్పుతుంది. ఏల్‌కి 18 నుంచి 22 డిగ్రీలు కావాలి, లాగర్‌కి 10, 12 చాలు, సైజాన్ 30 కూడా తట్టుకుంటుంది. ఇంకోటి: నురగ కోసం సీసాల్లో లీటరుకి ఆరు గ్రాముల చక్కెర వేస్తాం. జాడీలో పులియడం పూర్తి కాకముందే సీసాకెత్తి మూత బిగిస్తే గ్యాస్ ఎక్కువై సీసా పేలుతుంది. మాకు ఒకటి పేలింది. పక్కన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది.

మరి ఇక్కడ? 2021లో అబుదాబి, లైసెన్సున్న చోట్ల అక్కడికక్కడే బీరు తయారుచేసుకోనిచ్చింది. 2023లో అల్ మర్యా దీవిలో, గ్యాలేరియా మాల్‌లో 'క్రాఫ్ట్ బై సైడ్ హసిల్' మొదలైంది. అంతకుముందు వాళ్లు తమ బీరును అమెరికాలో తయారుచేసి ఇక్కడికి తెచ్చేవాళ్లు. ఇక్కడి నీళ్లు బీరుకి ఒక రకంగా వరం. ఉప్పు తీసిన సముద్రపు నీళ్లు కదా, ఏ ఖనిజం ఎంత ఉండాలో కాచేవాడు తన ఇష్టప్రకారం కలుపుకోవచ్చు. చేదు తేలాలంటే జిప్సం కలుపుతారు, పిల్స్‌నర్‌కైతే ఆ తేలికపాటి నీళ్లే బాగుంటాయి.

తమ్ముడికి ఇదంతా చెప్పి, రూములో ఏదైనా పులియబెట్టాలనుంటే దోసెల పిండి ఉంది కదా అన్నా. నవ్వాడు. ఎపిసోడ్ పూర్తి పాఠం కింద ఉంది. సీసా పేలిన గోల 18వ నిమిషం దగ్గర.