కృష్ణానది ఋతుప్రవాహాలపై జలాశయాల ప్రభావం

మహారాష్ట్రలోని మహాబలేశ్వరం వద్ద పుట్టి, సుమారు 1,400 కిలోమీటర్లు ప్రవహించి బంగాళాఖాతంలో కలిసే కృష్ణ ప్రధానంగా నైరుతి ఋతుపవనాలపై ఆధారపడిన నది. ఏడాది నీటిలో అత్యధిక భాగం జూన్–అక్టోబర్ నెలల మధ్యనే పారుతుంది. వర్షాకాలంలో పొంగడం, వేసవిలో సన్నగిల్లడం దాని సహజ లక్షణం. ఈ ఋతుక్రమాన్ని ప్రాజెక్టులు ప్రధానంగా మూడు విధాలుగా మార్చాయి.

మొదటిది కాలవిలంబనం. 1855లో పూర్తయిన విజయవాడ ఆనకట్ట నీటిని మళ్లించిందే తప్ప పెద్దగా నిల్వ చేయలేదు. అందువల్ల డెల్టా వ్యవసాయం నది రాకను అనుసరించే సాగింది. తరువాతి కాలంలో ఎగువన ఆలమట్టి, నారాయణపూర్, దిగువన శ్రీశైలం, నాగార్జునసాగర్ వంటి జలాశయాలు ఏర్పడ్డాయి. తొలి వరద వీటిని నింపిన పిదపే కిందికి సాగుతుంది. ఫలితంగా డెల్టాలో నారుమళ్లు, నాట్లు ఆలస్యమై, కోతలు తుఫానుల కాలంలోకి జరిగే ప్రమాదం ఏర్పడింది. 2015లో పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి జలాలను కృష్ణా డెల్టాకు తరలించడం ఈ లోటును పూడ్చే ప్రయత్నమే.

రెండవది ప్రవాహ కారణం మారడం. జలవిద్యుత్ కేంద్రాల నుంచి విడుదలయ్యే నీరు వానను కాక విద్యుత్ అవసరాన్ని అనుసరిస్తుంది. కనుక జలాశయాల దిగువన వర్షం లేని రోజుల్లోనూ ప్రవాహం హెచ్చుతగ్గులకు లోనవుతుంది.

మూడవది నదీముఖ క్షీణత. ప్రకాశం బ్యారేజీ దిగువన ఏడాదిలో అనేక నెలలు నది దాదాపు ఎండి ఉంటుంది. మంచినీటి రాక తగ్గినప్పుడు ఉప్పునీరు లోపలికి చొచ్చుకువస్తుంది. ఒండ్రుమట్టి జలాశయాలలోనే నిలిచిపోవడం డెల్టా తీరపు కోతకు దోహదం చేస్తోంది.

అయితే జలాశయాలు సాధారణ వరదలను అణచినంతగా అసాధారణ వరదలను అణచలేవు. 2009 అక్టోబర్‌లో శ్రీశైలానికి దాని రూపకల్పన సామర్థ్యమైన 19 లక్షల క్యూసెక్కులను మించి సుమారు 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చింది. కర్నూలు నగరం మునిగింది.

బచావత్ ట్రిబ్యునల్ 75 శాతం విశ్వసనీయతతో 2,060 టీఎంసీలను లెక్కించి రాష్ట్రాలకు పంచింది. ఆ పంపకానికి ప్రాతిపదిక వార్షిక పరిమాణం. కాని నాట్లకు, చేపలకు, మడ అడవులకు నీరు ఎంత వచ్చిందన్నదానితో పాటు ఎప్పుడు వచ్చిందన్నదీ ముఖ్యమే. కావున నదీజలాల అధ్యయనంలో వార్షిక సగటుతో పాటు నెలవారీ ప్రవాహాన్ని కూడా ప్రమాణంగా స్వీకరించడం ఆవశ్యకం.