మిల్లీమీటరు మందాన ఫొటో

మాక్రో ఫొటోగ్రఫీకి ఒక కొలత ఉంది. జీవి ఎంత పొడవుంటుందో కెమెరా సెన్సర్ మీద దాని బింబం కూడా అంతే పొడవున పడితే అది ఒకటికి ఒకటి నిష్పత్తి. అసలైన మాక్రో అక్కడ మొదలవుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా సెన్సర్ 36 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. తొలకరికి ఇసుక నేలల్లో పైకి వచ్చే ఆరుద్ర పురుగు బాగా ఎదిగితే సెంటీమీటరు దాకా ఉంటుంది. ఒకటికి ఒకటిగా తీస్తే అది ఫ్రేము వెడల్పులో నాలుగో వంతుకు కాస్త పైన ఆక్రమిస్తుంది. చిక్కుడు తీగ మీది పేనుబంక రెండు మిల్లీమీటర్లే. దాన్ని అయిదు రెట్లు పెంచితే గానీ ఫొటోలో ఆరుద్ర పురుగంత కనిపించదు.

కాళ్లకు కీళ్లు, ఒంటికి గట్టి పైపొర ఉన్న జీవులన్నీ ఆర్థ్రోపొడా వర్గంలోకి వస్తాయి. చీమలు, తూనీగలు, సాలీళ్లు, నల్లులు, జెర్రులు, రోకలిబండలు అన్నీ ఈ వర్గమే. వీటిలో చాలావాటిని స్టాండు వేసి తీయడం కుదరదు. స్టాండు కాలు ఒక కొమ్మకు తగిలితే చాలు, పురుగు ఆకు వెనక్కి జారుకుంటుంది. తగలకపోయినా గాలికి ఆకు ఊగుతూనే ఉంటుంది, స్టాండు మాత్రం కదలదు. ఆకు ఎటు పోతే అటు పోగలిగింది చెయ్యి ఒక్కటే. అందుకే పొలంలో, అడవిలో, పెరట్లో ఈ పని ఎక్కువగా చేతిలో కెమెరాతోనే సాగుతుంది.

అయితే అసలు చిక్కు చెయ్యి వణకడం ఒక్కటే కాదు. ఇంత దగ్గర నుంచి తీసినప్పుడు ఫొటోలో స్పష్టంగా వచ్చే భాగం మరీ పలచన. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో లెన్సు లోపలి రంధ్రం ఎఫ్/11 కొలతలో ఉంటే, ఒకటికి ఒకటి నిష్పత్తిలో ఆ మందం దాదాపు 1.3 మిల్లీమీటర్లు. రెండు రెట్లు పెంచితే అర మిల్లీమీటరు. అయిదు రెట్లకు 0.16 మిల్లీమీటర్లు, అంటే దాదాపు నోటుపుస్తకం కాగితాలు రెండు ఒకదానిమీద ఒకటి పెట్టినంతే. సాలీడు కన్ను తేటగా వస్తే దాని వెనక నడుం మసకబారుతుంది. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ కదిలే కదలికకే ఈ మందం ఎన్నోసార్లు దాటిపోతుంది.

లెన్సు లోపలి రంధ్రాన్ని ఇంకా చిన్నది చేస్తే మందం పెరుగుతుంది నిజమే. కానీ దానికి రెండు మూల్యాలున్నాయి. ఇరుకు రంధ్రం అంచుల దగ్గర కాంతి వంగి చెదరడంతో బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. పైగా వెలుగు సరిపోదు. బింబం పెద్దదయ్యేకొద్దీ అదే వెలుగు ఎక్కువ చోట పరుచుకుంటుంది కాబట్టి, లెన్సు మీద ఎఫ్/11 అని ఉన్నా ఒకటికి ఒకటి దగ్గర అది ఎఫ్/22లా పనిచేస్తుంది. అయిదు రెట్ల దగ్గర సెన్సర్‌కు చేరే వెలుగు 36వ వంతుకు పడిపోతుంది. పట్టపగలు ఎండలో కూడా అది చాలదు.

అక్కడ ఫ్లాష్ అవసరం వస్తుంది. ఫ్లాష్‌ను పూర్తి శక్తితో కాక ముప్పై రెండో వంతు శక్తితో వెలిగిస్తే దాని మెరుపు సెకనులో పదివేలో వంతు దరిదాపుల్లో ముగిసిపోతుంది. ఫొటో నిజానికి ఆ మెరుపులోనే తయారవుతుంది. అంత తక్కువ సమయంలో చెయ్యి గానీ ఆకు గానీ చెప్పుకోదగినంత కదలవు. వణికే చేత్తో తీసిన ఫొటోలో చీమ ఒంటి మీది నూగు వెంట్రుక వెంట్రుకగా కనబడటానికి కారణం ఇదే. దూరంగా ఉన్న వెనుకటి దృశ్యానికి ఆ వెలుగు చేరక నల్లగా మిగిలిపోవడం ఈ పద్ధతిలోని లోపం. పురుగు వెనక దగ్గరలోనే ఒక ఆకు ఉండేలా కోణం ఎంచుకుంటే ఆ లోపం చాలావరకు తీరుతుంది.

ఫ్లాష్ వెలుగును నేరుగా వాడకూడదు. అక్షింతల పురుగు వీపు నున్నటి పింగాణీ లాంటిది, ఎదురుగా ఏ వెలుగు ఉంటే దాన్నే అద్దంలా చూపిస్తుంది. చిన్న ఫ్లాష్ అయితే వీపు మీద కళ్లు చెదిరే తెల్లమచ్చ పడి కింద ఉన్న రంగు కొట్టుకుపోతుంది. మధ్యలో ట్రేసింగ్ పేపరో, సామాన్లకు చుట్టే పలచటి తెల్ల ఫోమ్ షీటో, పాలరంగు ప్లాస్టిక్ ముక్కో వంచి పెడితే వెలుగు పరుచుకుని మెత్తబడుతుంది. ఈ తెర ఎంత పెద్దదైతే, పురుగుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మేలు. ఖరీదైన లెన్సు కొనడం కంటే ఈ తెరను నాలుగు రకాలుగా చేసి చూడటం వల్లే ఫొటోలు ఎక్కువ బాగుపడతాయి.

ఇక చేతి పని. ఆటో ఫోకస్ ఆపేసి, కావలసిన నిష్పత్తి ముందే పెట్టుకుని, ఫోకస్ రింగును వదిలేస్తారు. ఆ తరువాత ఫోకస్ చేసేది ఒళ్లే. మోచేతులు పక్కటెముకలకు ఆనించి, నడుం నుంచి మెల్లగా ముందుకు వంగుతూ, పురుగు కళ్లు తేటపడిన క్షణాన నొక్కుతారు. పురుగు ఉన్న కాడను ఎడమచేతి వేళ్లతో సున్నితంగా పట్టుకుని, లెన్సు ముందు భాగాన్ని అదే చేతి మీద ఆనించడం ఇంకా మంచి ఉపాయం. అప్పుడు ఆకూ లెన్సూ కలిసే ఊగుతాయి, వాటి మధ్య దూరం మారదు. అభ్యాసం కుదిరితే ఆ వంగే క్రమంలోనే అయిదో పదో ఫొటోలు వరసగా తీసి, వాటిలోని తేట భాగాలను జీరీన్ స్టాకర్, హెలికాన్ ఫోకస్ వంటి సాఫ్ట్‌వేర్‌లో ఒకే ఫొటోగా కలుపుతారు. మధ్యలో పురుగు మీసం కదిపితే మాత్రం ఫొటోలో రెండు మీసాలు నాలుగవుతాయి.

పరికరాల విషయానికొస్తే, 1999లో కెనాన్ తెచ్చిన ఎంపీ-ఈ 65 ఎంఎం లెన్సు ఒకటి నుంచి అయిదు రెట్ల వరకు పెంచుతుంది. అయిదు రెట్ల దగ్గర లెన్సుకూ పురుగుకూ మధ్య మిగిలేది నాలుగు సెంటీమీటర్లే. అంత సొమ్ము పెట్టలేనివారు మామూలు 50 ఎంఎం లెన్సును రింగుతో తిరగేసి బిగించినా, లెన్సుకు వెనక ఎక్స్‌టెన్షన్ ట్యూబులు పెట్టినా, ముందు రేనాక్స్ వంటి అద్దం తగిలించినా పని నడుస్తుంది. అమెరికాలో ఓక్లహోమాకు చెందిన థామస్ షాహాన్ తిరగేసిన లెన్సులతో, ఇంట్లో చేసుకున్న తెరలతో తీసిన గెంతే సాలీళ్ల ముఖాలే ఆయనకు పేరు తెచ్చాయి.

పరికరం కంటే పురుగు తీరు తెలియడం ముఖ్యం. కీటకాల ఒంటి వేడి పరిసరాలను బట్టి ఉంటుంది. మంచు పడే చలికాలపు తెల్లవారుజామున పొలం గట్ల గడ్డి మీద తూనీగలు రెక్కలు తడిసి కదలకుండా ఉంటాయి, ఎండెక్కాక అందవు. చీమ ఎప్పుడూ పరుగే, అయినా పేనుబంక వదిలే తియ్యటి జిగురు తాగేటప్పుడు కాసేపు నిలుస్తుంది. గెంతే సాలీడుకు ఎనిమిది కళ్లు. పక్క కళ్లు కదలికను పసిగట్టగానే అది గిర్రున తిరిగి ముందున్న రెండు పెద్ద కళ్లతో లెన్సులోకే చూస్తుంది. అన్నిటికీ పనికొచ్చే జాగ్రత్త ఒకటుంది, నీడ వాటి మీద పడనీయకూడదు.

1665లో వెలువడిన మైక్రోగ్రాఫియా గ్రంథం కోసం రాబర్ట్ హుక్ చీమను గీయబోతే అది నిలవలేదు. చివరికి బ్రాందీ పట్టి మత్తులో ఉంచి గీశాడు. నేటికీ కొందరు పురుగును ఫ్రిజ్‌లో పెట్టి బిగుసుకున్నాక తీస్తారు. అది తప్పు. ఆ ఫొటోలో కాళ్లు ముడుచుకున్న తీరు, మీసాలు వాలిన తీరు చలికి వచ్చినవే తప్ప ఆ జీవి బతుకువి కావు. చేతిలో కెమెరాతో తీయడంలోని విలువంతా జీవి తన చోట, తన పనిలో ఉండటంలోనే ఉంది.

అలా తీసినప్పుడు మామూలు చూపుకు దొరకనివి దొరుకుతాయి. మామిడి చెట్టు మీద ఆకులను కుట్టి గూడు కట్టే ఎర్రచీమల మధ్య అచ్చం చీమలా తిరిగే సాలీడు ఒకటి ఉంటుంది. ముందు కాళ్లు రెండూ మీసాల్లా ఎత్తి నడుస్తుంది. ఫొటో పెద్దది చేసి కాళ్లు లెక్కపెడితే ఎనిమిది తేలతాయి. నల్లుల (మైట్ల) నిపుణుడు యుర్గెన్ ఓటో 2005లో ఆస్ట్రేలియాలో సిడ్నీ దగ్గరి అడవిలో నెమలి సాలీడును చూశాడు. అయిదు మిల్లీమీటర్లు మించని ఆ మగ సాలీడు రంగుల రెక్కలాంటి పొట్టను ఎత్తి ఆడదాని ముందు ఆడే ఆటను ఫొటోలు, వీడియోలు తీశాడు. ఆ తరువాత డేవిడ్ హిల్‌తో కలిసి ఆ జాతిలో ఎన్నో కొత్త రకాలను శాస్త్రానికి పరిచయం చేశాడు.

తెలుగు రైతుకు ఇది వినోదం ఒక్కటే కాదు. 2021లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరప తోటలను నల్ల తామర పురుగు దెబ్బతీసింది. దాని పొడవు మిల్లీమీటరు. అంతకుముందు నుంచీ ఉన్న తామర పురుగు లేత పసుపు రంగులో ఉండి లేత ఆకులను పీలిస్తే, ఇది నల్లగా ఉండి పూలలో గుంపులుగా చేరింది. పూరేకు విప్పి ఫోన్‌కు మాక్రో అద్దం తగిలించి తీసిన ఫొటోలో కూడా ఆ తేడా కనిపిస్తుంది. ఏ మొక్క, ఏ భాగం, ఏ తేదీ అన్నవి రాసిపెట్టి, పైనుంచీ పక్కనుంచీ రెండు ఫొటోలు పంపితే నిపుణులు అనుమానాన్ని తేల్చడం తేలికవుతుంది. రకం పేరు ఖాయంగా చెప్పడానికి మాత్రం పురుగును గాజు పలక మీద పెట్టి సూక్ష్మదర్శినిలో చూడవలసిందే.