సిలిండరు ఫోనోగ్రాఫు: గుర్తింపు, పునరుద్ధరణ – పల్నాటి మౌఖిక సాహిత్య పరిశోధన దృష్టితో

వ్యాససంగ్రహం:
పాత ఇళ్లలో లభించే ధ్వనియంత్రాలన్నింటినీ గ్రామఫోన్లుగానే భావించడం వాడుక. వాటిలో సిలిండరు ఫోనోగ్రాఫుకు ఒక ప్రత్యేకత ఉంది. అది ధ్వనిని వినిపించడమే కాక నమోదు కూడా చేయగలదు. అందువల్ల దానితోపాటు దొరికే మైనపు సిలిండరు మరెక్కడా ప్రతి లేని మౌఖిక ఆధారం కావచ్చు. యంత్రాన్ని, సిలిండర్లను గుర్తించే పద్ధతినీ, పునరుద్ధరణలో పాటించవలసిన క్రమాన్నీ ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ఫోనోగ్రాఫు, మైనపు సిలిండరు, పల్నాటి వీరచరిత్ర, మౌఖిక సాహిత్యం, ధ్వని సంరక్షణ

1. ఉపోద్ఘాతం

పల్నాటి వీరచరిత్ర మనకు రెండు దారుల్లో అందింది. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపద కావ్యం ఒకటి. అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరణలో అది 1911లో అచ్చయింది. కారెంపూడిలో వీరుల ఆరాధన సందర్భంగా వీరవిద్యావంతులు పాడుతూ వచ్చిన కథ రెండవది. ఈ మౌఖిక కథను జీన్ రోఘేర్ 1974లో అలిసెట్టి గాలెయ్య గానం నుంచి టేపు మీదికి ఎక్కించి, ఆంగ్లానువాదంతో, అధ్యయనంతో 1982లో ఆక్స్‌ఫర్డు నుంచి గ్రంథంగా వెలువరించారు.

అచ్చు ప్రతికీ ఆ టేపుకూ నడుమ 63 సంవత్సరాల దూరం ఉంది. పాఠం ఎలా ఉన్నదో అచ్చు చెబుతుంది. గాయకుడు ఎక్కడ ఊపిరి తీసుకున్నాడో, ఏ పాదాన్ని రెండుసార్లు పాడాడో, వచనం నుంచి పాటలోకి ఎలా మళ్లాడో చెప్పదు. ఈ వివరాలను పట్టి ఉంచగల యంత్రం మాత్రం 1911 నాటికే అంగళ్లలో అమ్ముడవుతున్నది. కాబట్టి నరసరావుపేటలోనో మాచర్లలోనో ఒక పాత ఇంటి అటక మీద నుంచి అటువంటి పెట్టె దిగినప్పుడు అది పురావస్తు ప్రియులకే కాదు, సాహిత్య పరిశోధకులకూ సంబంధించిన విషయమవుతుంది.

2. ఫోనోగ్రాఫుకూ గ్రామఫోనుకూ భేదం

ఎడిసన్ 1877లో తగరపు రేకు మీద ధ్వనిని నమోదు చేశాడు. 1888 నాటికి రేకు స్థానంలో మైనం వచ్చింది. ఎమిల్ బెర్లినర్ 1887లో రూపొందించిన గ్రామఫోను మార్గం వేరు. దానిలో బల్లపరుపు ప్లేటు తిరుగుతుంది, ముల్లు గాడిలో పక్కలకు కదులుతుంది. సిలిండరులో ముల్లు మిట్టపల్లాల మీద పైకీ కిందికీ కదులుతుంది.

పరిశోధకుడు గుర్తుంచుకోవలసిన భేదం మరొకటి ఉంది. ఇంట్లో వాడే గ్రామఫోను కంపెనీ ముద్రించిన ప్లేటును వినిపిస్తుందే గాని కొత్తగా నమోదు చేయలేదు. ఫోనోగ్రాఫుకు వినిపించే తలను తీసి, నమోదు చేసే తలను అమర్చి, ఖాళీ మైనపు సిలిండరును ఎక్కిస్తే బూర ముందు పాడిన పాట దానిలో చెక్కుకుంటుంది. ఆ పొరను గీసివేసి మళ్లీ వాడుకోవచ్చు కూడా. కలకత్తాలో హేమేంద్రమోహన్ బోస్ 20వ శతాబ్దం తొలి దశకంలో రవీంద్రనాథ్ ఠాగూర్ గొంతును సిలిండర్ల మీదనే నమోదు చేశాడు. బెర్లిన్‌లో కార్ల్ స్టుంఫ్ 1900లో స్థాపించిన ధ్వనిభాండాగారం ప్రపంచపు నలుమూలల పాటలను సేకరించింది ఈ యంత్రాలతోనే.

3. యంత్రాన్ని గుర్తించడం

పెట్టె మీద తిరుగుడు బల్లకు బదులు అడ్డంగా, ఒక కొసకు కాస్త సన్నగిల్లుతూ పోయే లోహపు గొట్టం ఉంటే అది సిలిండరు యంత్రం. ఎడిసన్ యంత్రాల్లో దానితోపాటు సన్నని మరచుట్లు గల కడ్డీ ఒకటి ఉండి, వినిపించే తలను కుడివైపుకు నడిపిస్తుంది. గ్రామఫోనులో ఆ పని గాడియే చేస్తుంది. ఇప్పుడు పాత సామాన్ల బజార్లలో మెరిసే ఇత్తడి బూర, కుక్క బొమ్మ, ఎనిమిది పలకల పెట్టెతో అమ్మే నకిలీలు ఎక్కువగా ప్లేటు గ్రామఫోన్లే. మరచుట్ల కడ్డీని అంత సూక్ష్మంగా కోయడం నకిలీదారుకు గిట్టుబాటు కాదు.

ఎడిసన్ యంత్రాల్లో హోమ్ 1896లో, స్టాండర్డ్ 1898లో, జెమ్ 1899లో విపణికి వచ్చాయి. లోహపు పలక మీద యంత్రం పేరు, వరుస సంఖ్య, పేటెంటు తేదీలు ఉంటాయి. చివరి పేటెంటు తేదీకి ముందు ఆ పలక తయారయ్యే అవకాశం లేదు. ఇది శాసనపాఠంలో అంతర్గత ఆధారాన్ని బట్టి పూర్వావధిని నిర్ణయించడం వంటిదే. అయితే మరమ్మతుల్లో భాగాలు మారుతుంటాయి. ముఖ్యంగా 1908 తరువాత నాలుగు నిమిషాల సిలిండర్లు రావడంతో పాత యంత్రాలకు కొత్త పళ్లచక్రాలు అమర్చారు. కనుక పలకను బట్టి మొత్తం యంత్రానికి తేదీ కట్టరాదు.

4. సిలిండర్లను గుర్తించడం

నా దృష్టిలో అసలైన పని ఇక్కడ మొదలవుతుంది. యంత్రం వంటిది మరొకటి దొరుకుతుంది. సిలిండరు విషయంలో ఆ హామీ లేదు.

సాధారణ సిలిండరు సుమారు 4 పావు అంగుళాల పొడవు, 2 పావు అంగుళాల వ్యాసం కలిగి ఉంటుంది. నీలిరంగుది సెల్యులాయిడుతో చేసినది. 1912లో వచ్చిన బ్లూ ఆంబెరాల్ ఈ కోవకు చెందుతుంది. దాని లోపలి సున్నపు పోత తేమకు ఉబ్బి, గొట్టం మీద బిగుసుకుపోతుంది. నల్లనిది 1902 నుంచి అచ్చుపోసిన మైనం. వాటి అంచు మీద సాధారణంగా పాట పేరో సంఖ్యో కనిపిస్తుంది. ఈ రెండూ కంపెనీ సరుకు. వీటి ప్రతులు మరెక్కడైనా ఉండవచ్చు.

అంచు మీద ఏ రాతా లేని గోధుమరంగు మైనపు సిలిండరు దొరికితే మాత్రం చేయి ఆపాలి. అది తొలినాటి కంపెనీ రికార్డు కావచ్చు, ఖాళీది కావచ్చు, ఇంట్లో ఎవరో పాడించి నమోదు చేసినదీ కావచ్చు. వాలు వెలుతురులో భూతద్దంతో చూస్తే గాళ్లు ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. రెండు నిమిషాల సిలిండరులో అంగుళానికి 100 గాళ్లు, నాలుగు నిమిషాల దానిలో 200 గాళ్లు ఉంటాయి. డబ్బా మూత మీది చేతిరాత, లోపలి చీటీ రికార్డులో భాగమే. డబ్బాలోని దూది తేమ పీల్చి బూజుకు తావిస్తుంది గనుక సిలిండరును వేరే పెట్టెలోకి మార్చవలసి ఉంటుంది. డబ్బాను మాత్రం పారవేయరాదు.

సిలిండరు పైభాగాన్ని తాకకూడదు. లోపలికి రెండు వేళ్లు పెట్టి, వాటిని విచ్చి ఎత్తాలి. అకస్మాత్తుగా మారే ఉష్ణోగ్రతకు మైనం పగులుతుంది. రెంటచింతల ఎండల సంగతి తెలిసినవారికి దీన్ని వివరించనక్కరలేదు. వేసవిలో అటక మీది నుంచి దించిన సిలిండరును నేరుగా ఏసీ గదిలోకి తీసుకుపోక, డబ్బాలోనే ఉంచి ఒక రోజంతా నెమ్మదిగా చల్లబడనివ్వాలి. తెల్లని మచ్చలుగా కనిపించే బూజు మైనాన్ని తినేస్తుంది. దాన్ని గుడ్డతో రుద్దితే గాళ్లు కూడా అరిగిపోతాయి.

5. యంత్రాన్ని పునరుద్ధరించడం

ప్రతి భాగాన్నీ విప్పకముందు ఒకసారి, విప్పిన తరువాత మరొకసారి ఛాయాచిత్రం తీయాలి. కీ పూర్తిగా దిగకుండా స్ప్రింగు డబ్బాను తెరవకూడదు. చుట్టుకొని ఉన్న ఉక్కు పట్టీ ఒక్కసారిగా విచ్చుకుంటే చేతిని చీల్చగలదు. గట్టిపడిన పాత గ్రీజును కిరోసిన్‌తో కడిగి కొత్త గ్రీజు పెట్టాలి. వేగాన్ని అదుపులో ఉంచే గుండ్ల బరువు సమానంగా లేకపోతే స్వరం వణుకుతుంది. తోలు పట్టా, తలలోని రబ్బరు చుట్లు మార్చక తప్పదు. మార్చిన పాత ముక్కలను సంచిలో కట్టి, చీటీ రాసి, పెట్టెతోనే ఉంచాలి.

పెట్టె మీది బంగారు గీతలనూ అక్షరాలనూ స్పిరిటుతో తుడిచిన వారు కొందరున్నారు. లక్క పూత స్పిరిటులో కరుగుతుంది. గీతలు పోతే యంత్రాన్ని గుర్తించే ఆధారం కూడా పోయినట్లే. పాత వస్తువును కొత్తదానిలా మెరిపించాలనే కోరిక మన గుడులలోని శాసనాలకు సున్నం కొట్టించిన కోరిక వంటిదే.

6. ధ్వనిని రాబట్టడం

అరిగిన నీలమణి ముల్లు మైనాన్ని ఉలిలా చెక్కుతుంది. సెల్యులాయిడు కోసం చేసిన వజ్రపు ముల్లు మరింత ప్రమాదకరం. నాలుగు నిమిషాల సన్నని గాడిలో రెండు నిమిషాల ముల్లు పెట్టినా నష్టమే. కాబట్టి గోధుమరంగు సిలిండరును దాని నాటి యంత్రం మీద ఒక్కసారైనా ఆడించరాదు.

దీనికి రెండు మార్గాలున్నాయి. ఆంరీ షమూ రూపొందించిన ఆర్కియోఫోన్ అనే యంత్రం తేలికపాటి ముల్లుతో, వేగాన్ని సరిచేసుకునే వీలుతో ధ్వనిని డిజిటల్ రూపంలోకి మారుస్తుంది. శాంటా బార్బరాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తన సిలిండర్లకు దీన్ని వాడింది. రెండవది కార్ల్ హేబర్, విటాలీ ఫదేయెవ్ లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలలో రూపొందించిన పద్ధతి. అందులో ముల్లే ఉండదు. గాడి లోతును వెలుగుతో కొలిచి, కంప్యూటరులో ధ్వనిగా మారుస్తారు. పగిలిన, బూజు పట్టిన సిలిండర్ల నుంచి కూడా కొంత వినిపిస్తుంది. కాలిఫోర్నియా ఆదిమజాతుల పాటలు, కథలు నిండిన రెండు వేలకు పైగా సిలిండర్లను ఈ పద్ధతిలో చదివారు. వాటిలో కొన్ని భాషలకు నేడు మాట్లాడేవారు మిగలలేదు.

వేగం విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 1902 తరువాతి అచ్చు సిలిండర్లకు నిమిషానికి 160 చుట్లు ప్రమాణం. ఇంటి రికార్డుకు ఆ నియమం లేదు. వేగం తప్పుగా ఎంచుకుంటే శ్రుతి, లయ రెండూ మారి, నడివయసు గాయకుడు పిల్లవాడిలా వినిపిస్తాడు. ఛందస్సు, గాన విధానాల మీద ఆ ధ్వని ఆధారంగా నిర్ణయాలు చేసేవారు ఎంచుకున్న వేగాన్ని, ఎందుకు ఎంచుకున్నారో కూడా రాసిపెట్టాలి.

తరగతిలో విద్యార్థులకు బాగుచేసిన పెట్టెకు కీ ఇచ్చి ఆడించి చూపాలనిపించడం సహజం. అందుకు ప్రతులు విరివిగా దొరికే కంపెనీ సిలిండరును, దానికి తగిన ముల్లుతో వాడాలి. గోధుమరంగు సిలిండరును దాని కొత్త పెట్టెలో నిలువుగా నిలబెట్టి, పాత డబ్బా మూతను పక్కనే ఉంచాలి.